కడపంక్తి

మానవునకు వినోదము వలయునా వలదా అను విషయమున నేడు వాదము లేదు. వలయుననియే అందరును ఒప్పుకొందురు. ఎట్టి వినోదము ధర్మసమ్మతము అను ప్రశ్న మాత్రము ఇంకను తెగలేదు. 19వ శతాబ్దపు చివర కందుకూరి వీరేశలింగముగారును వారి తోడివారును పెండ్లిండ్లలోని మేజువాణీలను, ఇండ్లను అప్పులపాలు చేయు ఆడంబరములను ఖండించినపుడు, వీరు ఆనందమునకే శత్రువులని తలచినవారు లేకపోలేదు. నిజమునకు వారు ఖండించినది ఆనందమును కాదు. ఒకరి తలవంపు మరియొకరికి వేడుక యగుటను. ఆ తరము పోయినది, మేజువాణీ పోయినది. వారు మన చేతికిచ్చిన కొలబద్ద మాత్రము అరిగిపోలేదు. మనము చూచు ఆటకు, కొను బొమ్మకు, తిను పిండివంటకు శ్రమపడినవారెవరు? వారికి ఆ వేడుకలో కూర్చుండుటకు చోటున్నదా? ఈ రెండు ప్రశ్నలను ఒక బొగ్గుగనుల పట్టణమును ఎదుట పెట్టుకొని విచారింతము. మహానగరములలో శ్రమ ఒక వీథిలోను వేడుక మరియొక వీథిలోను ఉండును. గనుల ఊరిలో రెండును ఒకే గోడకు ఇరుప్రక్కల నుండును. కావున చూచుట సులభము.

గోదావరి ఉత్తరపుటొడ్డున మంచిర్యాల చెంత శ్రీరాంపూర్ కలదు. 2016 వరకు ఇది ఆదిలాబాదు జిల్లాలోనిది. అటుపిమ్మట మంచిర్యాల జిల్లాలో చేరినది. నదికి ఆవలి యొడ్డున రామగుండము, గోదావరిఖని. ఈ ప్రాంతమంతయు సింగరేణి బొగ్గును నమ్ముకొని పెరిగినది. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1945లో అది నిజాము ప్రభుత్వపు చేతికి వచ్చెను. నేడు దానిలో నూటికి 51 వంతులు తెలంగాణ రాష్ట్రమువి, 49 వంతులు కేంద్రమువి. శ్రీరాంపూర్ ప్రాంతపు గనులకు ఆర్కే అనియు ఎస్సార్పీ అనియు అంకెలతో కూడిన పేర్లు. ఆర్కే 5, ఆర్కే 7, ఎస్సార్పీ 3 అనునవి అచ్చటివారి నోళ్లలో పల్లెల పేర్లవలె నానియున్నవి.

గనికొరకు పెరిగిన ఊరిలో పండుగ తాతలనాటి రథమువలె కొట్టములో సిద్ధముగా నుండదు. వచ్చినవారు తమ తమ పల్లెలనుండి దానిని మూటగట్టుకొని తేవలెను. కరీంనగరు, వరంగల్లు పల్లెలనుండి వచ్చినవారు బతుకమ్మను తెచ్చిరి, బోనాలను తెచ్చిరి, మల్లన్న కథ చెప్పు ఒగ్గువారి డోలును తెచ్చిరి. సమ్మక్క సారలమ్మల గద్దెలు మేడారముననే గాక గోదావరి యొడ్డునను వెలసినవి. సంక్రాంతికి ఇంటింట సకినాలు; వానకాలపు సాయంకాలములలో సర్వపిండి. బియ్యపుపిండిలో నువ్వులు, పల్లీలు, కారము కలిపి గిన్నె యడుగున అద్ది, వ్రేలితో తూట్లు పొడిచి, ఆ తూట్లలో నూనె చుక్కలు విడిచి కాల్చు ఆ రొట్టెను తిన్నవారికి మరియొక వర్ణన అక్కరలేదు. తిననివారికి వర్ణన చాలదు. డిసెంబరు 23న సింగరేణి దినోత్సవమని కంపెనీవారు సభలు, ఆటపాటలు, ప్రదర్శనశాలలు నడుపుదురు. ఇంతటి వైవిధ్యము ఒక చిన్న పట్టణమున చూడగలుగుట అదృష్టమే.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. నేలక్రింద ప్రాణములొడ్డి పనిచేయువారికి ఈ పూలును పాటలును ఏల? ఆ సొమ్ము పిల్లల చదువునకు దాచరాదా? అని మితవ్యయము బోధించువారు అందురు. ఈ మాటలో హితము లేకపోలేదు. పండుగ పేరిట కల్లుసారాల పాలగు సొమ్మును, వడ్డీవ్యాపారి పెట్టెలోనికి పోవు జీతమును ఎవ్వరును సమర్థింపజాలరు. అయినను వ్యసనమును ఖండించు చేతితోనే వేడుకను ఖండించుట కలుపుతో పైరును పెరుకుట యగును. గనికార్మికుని దినము ఇతరులు నిర్ణయించిన దినము. మస్టరు పడినది మొదలు పైకి వచ్చువరకు అతని ప్రతి యడుగును ఒక నియమమునకు లోబడియుండును. ఉండవలసినదే, ఆ నియమములే ప్రాణములను కాపాడును. అట్టివాడు తన యిష్టముతో, తన యూహతో, తనవారినడుమ చేయు పని సంవత్సరమున ఎన్ని దినములుండును? పండుగయే ఆ పని. బతుకమ్మను ఎన్ని వరుసలు పేర్చవలెనో, గునుగుపూలకు ఏ రంగు అద్దవలెనో ఏ అధికారియు ఆజ్ఞాపింపడు. కావున వేడుక కేవలము విలాసము కాదు. పరాధీనమైన దినములనడుమ మనుష్యుడు తన స్వాధీనమైన దినమును అనుభవించుట. సరిగా ఇందువలననే, ఆ దినమున ఎవరికి చోటు లేకపోయినదో చూడవలసియున్నది. విలాసములో చోటు లేకున్న నష్టము కొంచెము. స్వాతంత్ర్యములో చోటు లేకున్న నష్టము పెద్దది.

సద్దుల బతుకమ్మనాటి సాయంకాలమును తలచుకొందము. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలైన పండుగ తొమ్మిదవనాడు పరాకాష్ఠ నందును. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలతో పేర్చిన బతుకమ్మలను నడుమ నుంచి, స్త్రీలు చుట్టును తిరుగుచు చప్పట్లతో పాడుదురు. ఆ పొద్దునకూడ గనిలో నీరు ఊరుట ఆగదు. బొగ్గుకోత ఆగినను పంపులు నడువవలెను, గాలినంపు ఫ్యానులు తిరుగవలెను, వానిని కనిపెట్టి కొందరుండవలెను. ఆటస్థలమున వెలుగు దీపముల సంగతియో? సమీపమున జైపూరు మండలములోని పెగడపల్లియందు 2016లో పని మొదలిడిన 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము ఈ ప్రాంతపు బొగ్గునే మండించును. దీపము క్రింద ఆడువారెవ్వరును దీపము వెనుకనున్నవానిని చూడరు. చూడకుండుట దోషము కాదు, అతడున్నాడని మరచుట దోషము.

అతనితో జాబితా ముగియదు. ఊరేగింపునకు ముందునడచు డప్పువాద్యకారుని చూడుడు. అతని దెబ్బ లేనిదే ఏ అమ్మవారి బోనమును కదలదు. ఊరేగింపు ముగిసి ఆకులు పరచునప్పటికి అతడెచ్చట నుండును? ఏ గుడి మెట్టు అతని హద్దు? మరునాటి యుదయమున వాడిన పూలను, ఎంగిలి విస్తళ్లను ఎత్తువారెవరు? వారి పేరు ఏ ఆహ్వానపత్రికయందైన నున్నదా? కులమును అడుగుట తప్పని సభలలో ఉపన్యసించు మనము, వేడుక చివర ఎవరు మిగిలి యుందురో లెక్కించిన, కులము ఇంకను ఎచ్చట దాగియున్నదో తెలియును.

దసరాకు కొంచెము ముందుగా సింగరేణి లాభములలో కార్మికులకు వాటా ప్రకటించుట వాడుక. ఆ సొమ్ము రాగానే మంచిర్యాల బట్టల దుకాణములు కళకళలాడును. 2024లో లాభమున నూటికి 33 వంతులు కార్మికులకు పంచిరి. ఒక్కొక్క శాశ్వత కార్మికునికి సగటున 1 లక్ష 90 వేల రూపాయలు వచ్చెను. ఆ యేడే మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకును పండుగ కానుక నిచ్చిరి. అది 5 వేల రూపాయలు. మొదటిసారి ఇచ్చుట మెచ్చదగినదే. కాని ఒకే గని ఆవరణలో, ఒకే బొగ్గు దుమ్ములో నిలిచిన ఇద్దరి పండుగలనడుమ ఎంత దూరమున్నదో ఆ రెండంకెలు చెప్పుచున్నవి. ఇది ప్రభుత్వములును సంఘములును తీర్పవలసిన లెక్క యని ప్రక్కన పెట్టుట మనకు సుఖము. అందుచేత మన చేతిలోనేయున్న లెక్కకు వత్తము. అది మన యింటిలోనిది.

సద్ది యను మాటను ఈ ప్రాంతమువారు రెండు తావుల వాడుదురు. బతుకమ్మ తుదినాడు పెరుగు, చింతపండు, నువ్వులు, కొబ్బరి, నిమ్మరసము వేరువేరుగా కలిపిన అన్నములు సద్దులు. వానితోపాటు రొట్టెను నలిపి బెల్లము కలిపిన మలీదముద్దలుండును. గనికి పోవు కార్మికుడు డబ్బాలో పెట్టుకొని పోవు అన్నమును సద్దియే. మొదటిది వేడుక, రెండవది కూలి. మాట ఒకటే యగుట యాదృచ్ఛికము కాదు. రెంటిని కట్టు చేయి ఒకటే. మొదటి షిఫ్టునకు పోవువాని సద్దికొరకు తెల్లవారకముందే పొయ్యి వెలుగవలెను. రాత్రి షిఫ్టునకు పోవువాని సద్దికొరకు పొద్దుగూకిన తరువాత మరల వెలుగవలెను. పండుగనాడు చుట్టములు వత్తురు గనుక ఆరనే ఆరదు.

పోతన భాగవతమున దశమస్కంధములో బాలకృష్ణుడు గోపబాలురతో కూడి చల్దులారగించు ఘట్టమును వినని తెలుగిల్లు అరుదు. మన సద్ది ఆ చల్దియే. భక్తులు ఆ ఘట్టమున భగవంతుని లీలను చూతురు, చూతురుగాక. సంఘసంస్కారము కోరువాడు అందు మరియొక విశేషమును గమనింపవలెను. కృష్ణుడు నడుమ కూర్చుండును. బాలురు చుట్టును వలయములుగా కూర్చుందురు. ప్రతివాడును అతని మొగమును చూడగలడు. వలయమునకు మొదలు లేదు, తుది లేదు. కావున కడపంక్తియు లేదు. బతుకమ్మ ఆటయు అట్టిదే. నడుమ పూలు, చుట్టును మనుష్యులు. ఎవరు ముందు, ఎవరు వెనుక అని చెప్ప వీలులేదు. మన పండుగలకు పూర్వులిచ్చిన ఆకారము వలయము. మన విందులకు మనము ఇచ్చుకొన్న ఆకారము పంక్తి.

వడ్డించువాడు మనవాడైన కడపంక్తిని కూర్చున్ననేమి యని సామెత. ఈ సామెతను పక్షపాతమును హేళనచేయుటకు వాడుదుము. దానిని కొంచెము త్రిప్పి అడుగుదము: వడ్డించునామె ఏ పంక్తిని కూర్చుండును? మగవారొక పంక్తి, పిల్లలొక పంక్తి, చుట్టపు స్త్రీలొక పంక్తి. ఇంటి కోడలు కడపంక్తి. ఆమె కూర్చుండునప్పటికి గారెలు చల్లారును, కూరలో ముక్కలు తరుగును, మైదానమున పాట సగమగును. కడుపునిండ తిన్నవారు అన్నదాతా సుఖీభవ యని దీవించి లేతురు. ఆ దీవెన సరుకులు కొన్నవానికి చేరినది, వండినదానికి చేరినదా? భోజనమును మెచ్చుకొనుట మన యిండ్లలో గొప్ప మర్యాదగా చెల్లుచున్నది. మెచ్చుకోలు ఆకలి తీర్పదు. చూడలేకపోయిన ఆటను చూపదు.

ఇచ్చట గనినుండి ఇల్లు నేర్చుకొనవలసిన పాఠమొకటి కలదు. గనిలో దినమునకు ఎనిమిదేసి గంటల చొప్పున మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు ఎవరికిని ప్రియము కాదు. నిద్ర చెడును, ఆరోగ్యము చెడును. అయినను ఎవరో ఒకరు చేయక తప్పదు. దీనికి గని కనుగొన్న ఉపాయము వంతు. షిఫ్టు మారుచుండును, ఈ వారము రాత్రి పోయినవాడు మరియొక వారము పగలు పోవును. నీవు పుట్టినదే రాత్రి షిఫ్టుకొరకు అని ఏ మేనేజరును ఏ కార్మికునితోను చెప్పజాలడు. చెప్పినచో మరునాడు గని నడువదు. 1952 నాటి గనుల చట్టము భూగర్భమున పనిచేయువానికి దినమునకు ఎనిమిది గంటలకు మించి పని యుండరాదనియు, వారమున ఆరు దినములకు మించి ఎవ్వరిచేతను పని చేయింపరాదనియు విధించెను. ఈ హక్కులు ఊరక రాలేదు. ఎందరో పోరాడి సాధించినవి. అట్లు సాధించిన కార్మికుడు ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొని పీటమీద కూర్చుండునపుడు, తన యెదుట నున్న మనుష్యురాలికి షిఫ్టు మారుట లేదనియు, వారపు సెలవు లేదనియు గ్రహించుచున్నాడా? భూగర్భమున నున్న న్యాయము వంటయింటిలో లేదు. గని చీకటియందురు, ఈ ఒక్క విషయమున గనియే వెలుతురు.

ఇది కార్మికుల యిండ్లకే చెప్పినది కాదు. అధికారుల బంగళాలలో వంటకు మరియొకతె యుండును. అచ్చట కడపంక్తి ఆమెది. ఉపాధ్యాయుల యిండ్లలో, పత్రికలు చదువు మన యిండ్లలో, కడపంక్తి అమ్మది. సంస్కారమును పుస్తకములలో నేర్చినవాడు తన యింటి భోజనపు వరుసను మార్పజాలనిచో, ఆ సంస్కారము బీరువాలోనిది. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనన్న పెద్దలమాట ఇచ్చట అక్షరాల వర్తించును.

దీనికి తరుచుగా వచ్చు సమాధానమొకటి కలదు. వండి పెట్టుటలోనే ఆమెకు ఆనందము. పిల్లలు తినుట చూచిననే తల్లి కడుపు నిండును. మీరేల నడుమ కలుగజేసికొందురు? అని. ఈ మాటను అబద్ధమని త్రోసివేయుట తగదు. చేయుటలో ఆనందము కలదు. అది తినుటలోని ఆనందముకంటె లోతైనది. సంక్రాంతిముందు సకినాలు చుట్టునపుడు చూడుడు. ఇరుగుపొరుగు స్త్రీలు ఒక యింట చేరుదురు. నువ్వులు, వాము కలిపిన తడి బియ్యపుపిండిని వ్రేళ్లనడుమ మెలిపెట్టుచు గుడ్డపై చుట్లు చుట్లుగా పరుతురు. కబుర్లు, నవ్వులు సాగును. రేపు రెండవ యింట, ఎల్లుండి మూడవ యింట. ఎవరిచుట్టు గుండ్రముగా వచ్చినదో పందెము. అచ్చట పనియే పండుగ. ఏల యట్లైనది? పని పదిచేతులలో పంచబడినది, వంతున్నది, చేసినవారే తిందురు. ఈ మూడును ఉన్నచోట వండుటలో ఆనందమున్నదని నేను నిస్సందేహముగ ఒప్పుకొందును. మూడును లేనిచోట, ఒంటిగా, మారుచేయి లేక, అందరును తిన్నపిమ్మట తిను స్త్రీకిని అదే ఆనందమున్నదని పురుషుడు సాక్ష్యము పలుకరాదు. ఆ సాక్ష్యము పలుకుటకు అర్హత ఒక్కటే: ఒక పండుగ దినమంతయు తానే ఆ పొయ్యియెదుట నిలిచి, తరువాత పలుకుట.

ఇంటి విందునకు చెప్పినదే అంగడి బొమ్మకును వర్తించును. ఈ జిల్లా పూర్వమున్న ఆదిలాబాదు జిల్లాలోనే నిర్మల్ కలదు. తేలికయైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురుతో అతుకులు కప్పి, రంగులు దిద్ది చేయు నిర్మల్ బొమ్మలు మన బీరువాల యద్దముల వెనుక ఎన్నియో యున్నవి. ఆసిఫాబాదు ప్రాంతమున ఉషేగాము మొదలగు పల్లెలలో ఓజులు డోక్రా లోహశిల్పములు చేయుదురు. మట్టి దిమ్మపై మైనపు దారములతో రూపు కట్టి, మరల మట్టి కప్పి, కాల్చి, కరగిన మైనముచోట ఇత్తడి పోయుదురు. అచ్చు పగులగొట్టిననే గాని బొమ్మ బయటికి రాదు. కావున ఒకదానిని పోలిన మరియొకటి యుండదు. నిర్మల్ బొమ్మలకు 2009లోను, ఆదిలాబాదు డోక్రాకు 2018లోను భౌగోళిక సూచిక లభించినది. అది ఊరి పేరును దొంగలనుండి కాపాడును. చేసినవాని పేరును మాత్రము కొన్నవాడు అడుగవలసినదే. మనమేమి అడుగుదుము? తగ్గించి చెప్పుమని అడుగుదుము. పట్టణపు దుకాణమున అచ్చులో పోసిన వస్తువునకు చీటిమీది ధరను మారుమాటాడక ఇచ్చు చేయి, వారమురోజులు వంగి చేసిన వస్తువునొద్ద బేరమునకు దిగును. పిదప ఇంటికి తెచ్చి చుట్టములకు చూపి, ఎంత చవుకగా తెచ్చితిమో చెప్పి మురియుదుము. కళను మెచ్చినట్టు మన తలపు. మెచ్చినది కళను కాదు, కళాకారుని నిస్సహాయతను.

నర్తకుల విషయమును అంతే. దీపావళి దినములలో రాజగోండుల దండారి పండుగకు నెమలియీకల కిరీటములు ధరించి ఆడు గుస్సాడీ నృత్యము నేడు ప్రభుత్వోత్సవములలో తరుచుగా కనబడును. దానిని నలుదెసల చాటిన మార్లవాయి కనకరాజు గారు 1981లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవమున ప్రదర్శించిరి, 2021లో వారికి పద్మశ్రీ లభించెను, 2024లో స్వర్గస్థులైరి. అట్టి కళాకారుడు జీవనముకొరకు తన యూరి ఆశ్రమ పాఠశాలలో వంటపని చేయుచుండెను. వంటపని అవమానకరము కాదు. ఇంతవరకు చెప్పినదంతయు ఆ పనిని గౌరవింపుమనియే. కాని ఒక జాతి కళకు రూపమైన మనుష్యుని మనము ఏటికొక సాయంకాలము వేదికపై చూచి చప్పట్లు కొట్టి, మిగిలిన దినములు ఆయన ఎట్లు గడుపుచున్నాడని అడుగకపోతిమి. చప్పట్లు ఋణమును తీర్చినట్లు మనకు తోచును. తీర్చినది మన మొగమాటమును మాత్రమే.

ఇది మన దేశపు రోగమే యని నిరాశపడ నక్కరలేదు. అన్యదేశమున ఒక మంచి ఉదాహరణము కలదు. ఇల్లందున బొగ్గు కనబడిన 1871 సంవత్సరముననే ఇంగ్లండులోని డర్హం గనికార్మికులు తమ మొదటి మహోత్సవమును జరుపుకొనిరి. ప్రతి గని సంఘమును తన పతాకమును, తన బాజాబజంత్రీలను, తన కుటుంబములను వెంటబెట్టుకొని నగరములోనికి నడచివచ్చుట ఆ ఉత్సవపు పద్ధతి. చూచువారు వేరు, చేయువారు వేరు కారు. 1993లో ఆ ప్రాంతపు కడపటి బొగ్గుగని మూతపడెను. ఉత్సవము మూతపడలేదు, నేటికిని జూలైలో పాత పతాకములతో జరుగుచున్నది. యజమాని పెట్టిన వేడుకయైనచో యజమానితో పోయెడిది. తాము చేసికొన్నది గనుక నిలిచినది.

శ్రీరాంపూర్ వారికి ఈ మాట దూరపుమాట కాదు. 1990ల మొదట లక్షకు పైబడియుండిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు దిగినది. సమీపముననున్న బెల్లంపల్లి పాతగనులు ఒకటొకటిగా మూతపడుట అచ్చటివారందరు ఎరిగినదే. ఏ గనియు శాశ్వతము కాదు. బొగ్గు తీరిననాడు ఈ ఊరిలో ఏమి మిగులును? కంపెనీ వేసిన వేదికలు మిగులవు. బోనసుతో కొన్న చీరలు మిగులవు. పదిమంది ఒక వలయముగా నిలుచుట నేర్చియుంటిమా, అది మిగులును. నేర్వకయుంటిమా, మిగులుటకేమియు లేదు.

ఇక చేయదగినదేమి? గొప్ప సభలు అక్కరలేదు, తీర్మానములు అక్కరలేదు. పండుగ వంట ఇంటిల్లిపాదియు వంతులుగా చేయుదము. తొమ్మిది దినముల పండుగలో రెండు దినములైన మగవారు పొయ్యి చేకొందురుగాక. పిండివంటలు నాలుగు తగ్గినను సరియే, ఆట మొదలగువేళకు ఏ స్త్రీయు గరిటె పట్టుకొని యుండరాదని నియమము పెట్టుకొందము. రెండవ షిఫ్టునకు పోయిన పొరుగువాని వంతు మలీదను అతడు వచ్చువరకు దాచి యుంచుదము. డప్పు కొట్టినవానిని అందరితో సమానముగ పంక్తిలో కూర్చుండబెట్టుదము. వీథి యూడ్చునామెకు ఆహ్వానము ముందుగా పంపుదము. బొమ్మ కొనునపుడు బేరమునకు ముందు పేరు అడుగుదము. పేరు తెలిసిన చేతితో బేరమాడుట కష్టమని అనుభవమే నేర్పును. ఇవి చిన్న పనులు. చిన్నవి గనుకనే వాయిదా వేయుటకు వీలులేదు.

వేడుక గొప్పతనమును దాని దీపములతోను, జనసంఖ్యతోను, వంటకముల లెక్కతోను కొలుచుట మనకలవాటు. ఆ కొలత మానుదము. ఎవరు లేకున్న ఆ వేడుక జరుగదో, వారికి అందు ఎచ్చట చోటు దొరకినదో చూచి కొలుతము. రాబోవు పండుగనాడు చదువరులు తమ యింట ఆకులు పరచునపుడు, మొదటి ముద్ద నోటబెట్టుకొనకముందు, కడపంక్తిలో ఎవరు మిగిలిరో ఒక్కసారి తల త్రిప్పి చూతురుగాక.